బడికొకరా, బడులన్నిటికీ ఒకరా?

కొన్నేళ్ల కిందట నేను దేవరకొండ వైపు ఒక ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా ఉండగా, ఒక పోటీ పరీక్ష గురించి పై కార్యాలయం నుంచి సర్క్యులర్ వచ్చింది. అందులోని అసలు వాక్యం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు: "మండలంలోని అన్ని ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులు ఒక విద్యార్థిని ఎంపిక చేసి సోమవారం ఉదయం పది గంటలకల్లా జిల్లా కేంద్రానికి పంపవలెను." ఆ శనివారం మధ్యాహ్నం మేం ఏడుగురం ఒకచోట కూర్చున్నాం. ఏడు బడులూ కలిసి ఒకే పిల్లవాణ్ణి పంపాలని నలుగురు, ఎవరి బడి నుంచి వాళ్లు ఒకరిని పంపాలని ముగ్గురు వాదించారు. నేను ఆ నలుగురిలో ఒకణ్ణి. 'విద్యార్థిని' అని రాశారు కాబట్టి ఆడపిల్లనే పంపాలేమోనని ఒకాయన మరో అనుమానం తెచ్చాడు. 'విద్యార్థి'కి ద్వితీయా విభక్తి చేరినా, స్త్రీలింగ రూపం తీసుకున్నా మాట ఒకటే అవుతుంది కాబట్టి ఆ అనుమానాన్ని కొట్టిపారేయడానికీ వీల్లేకపోయింది. చాయ్ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చిన అటెండర్ కాసేపు నిలబడి విని, "దీనికింత లొల్లి ఎందుకు సార్, బడికొకర్ని తోలమన్నరు, గంతే గద" అనేసి వెళ్లిపోయాడు.

ఆయన చెప్పిందే సరైన అర్థమని సోమవారం తేలింది. మా నలుగురం కలిసి ఒక్క అమ్మాయిని పంపాం, మిగతా ముగ్గురూ తలా ఒకరిని పంపారు. మా లెక్కన మూడు బడుల పిల్లలకు ఆ ఏడు అవకాశం పోయింది, అందులో మా బడి ఒకటి.

ఆ రోజు నుంచి నన్ను పట్టుకున్న ప్రశ్న మాత్రం వేరు. సర్క్యులర్ వాక్యంలో 'ఒక' ఉంది, అటెండర్ మాటలోనూ 'ఒక' ఉంది. మొదటిదాన్ని ఏడుగురు హెడ్మాస్టర్లు రెండు రకాలుగా చదివారు, రెండోదాన్ని రెండు రకాలుగా చదవడం ఎవరి తరమూ కాదు. గణితం చెప్పేవాణ్ణి కాబట్టి తర్కం పుస్తకాలతో అంతకుముందే కొంత పరిచయం ఉంది. ఆ తర్వాత ఫార్మల్ సెమాంటిక్స్ వైపు, అంటే వాక్యాల అర్థాన్ని తర్కం, సమితుల భాషలో కచ్చితంగా లెక్కగట్టే శాస్త్రం వైపు మళ్లాను. చదివిన కొద్దీ నాలో బలపడిన అభిప్రాయం ఇది: ఇంగ్లీషులో 'ఎ' అనే ఆర్టికల్ ఉన్నచోటల్లా మనం 'ఒక' పెట్టి, ఆ 'ఒక'ను తర్కంలోని వెనక్కి తిరిగిన ఇంగ్లీషు 'ఈ' అక్షరం గుర్తుతో, అంటే 'కనీసం ఒకటి ఉంది' అని చెప్పే అస్తిత్వ చిహ్నంతో సమానం చేయడం తప్పు. ఇంగ్లీషు ఒక్క ఆర్టికల్ మీద మోపిన బరువును తెలుగు నాలుగైదు రూపాలకు పంచింది. ఏ రూపం ఏ బరువు మోస్తుందో మాట్లాడేటప్పుడు అందరికీ తెలుసు. రాయడానికి కూర్చున్నప్పుడే మరిచిపోతాం.

ముందు సంగతి ఏమిటో చూద్దాం. 'ప్రతి', 'అందరూ', 'కొన్ని', 'ఏదీ కాదు' లాంటి మాటలను క్వాంటిఫయర్లు అంటారు. ఒక వాక్యంలో ఇలాంటివి రెండు ఉంటే ఏది దేనికి లోబడి ఉంటుందన్నది అర్థాన్ని మార్చేస్తుంది. ఈ లోబడి ఉండటాన్ని 'పరిధి' అంటాం. ఒకదాని పరిధిలో మరొకటి ఉండటాన్ని గుర్తులతో స్పష్టంగా రాసే పద్ధతిని 1879లో జర్మన్ తర్కవేత్త గాట్లోబ్ ఫ్రేగె చూపించాడు. అరిస్టాటిల్ నాటి తర్కానికి ఆ శక్తి లేదు. గణితంలో దీని విలువ ఎంతో పదో తరగతి పిల్లలకు రెండు వాక్యాలతో చెప్పేవాణ్ణి. "ప్రతి సంఖ్యకూ దానికంటే పెద్ద సంఖ్య ఒకటి ఉంది" అన్నది నిజం. "అన్ని సంఖ్యలకంటే పెద్దదైన సంఖ్య ఒకటి ఉంది" అన్నది అబద్ధం. మాటలు దాదాపు అవే. మొదటిదాంట్లో 'దానికంటే' అన్న సర్వనామం, తీసుకున్న సంఖ్యను బట్టి పెద్ద సంఖ్య మారుతుందని చెబుతోంది. రెండోదాంట్లో ఆ మార్పుకు తావు లేదు. డిగ్రీలో ప్రమేయాల అనుక్రమాలు చదివే పిల్లలు ఏళ్ల తరబడి తడబడే చోటు కూడా ఇదే. అనుక్రమం ఎక్కడి నుంచి తన గమ్యానికి దగ్గరగా ఉంటుందో చెప్పే హద్దు బిందువుకొకటి చొప్పున దొరికితే చాలా, లేక అన్ని బిందువులకూ ఒకే హద్దు సరిపోవాలా అన్నదే బిందువారీ అభిసరణకూ ఏకరూప అభిసరణకూ ఉన్న తేడా అంతా. ఇంగ్లీషులో దీన్ని చెప్పడానికి నాలుగు గుర్తులు వరుస మార్చి రాసి చూపిస్తారు. 'బిందువుకొక హద్దు', 'అన్నిటికీ ఒకే హద్దు' అని తెలుగులో అంటే వెనక బెంచీ పిల్లవాడికి కూడా అందుతుంది.

సర్క్యులర్ లాంటి వాక్యాల దగ్గరకు వస్తే ఒక చిక్కు ఉంది, దాన్ని దాటకుండా ముందుకు పోకూడదు. "ఆ గూడెంలో ప్రతి రైతూ ఒక బావి నుంచి నీళ్లు పారిస్తాడు" అనుకుందాం. ఎవరి బావి వాళ్లది కావచ్చు, అందరిదీ ఒకే బావి కావచ్చు. రెండు అర్థాలున్నాయని అందరూ అంటారు. కానీ అందరిదీ ఒకే బావి అయినప్పుడు, ప్రతి రైతుకూ ఏదో ఒక బావి ఉన్నట్టే కదా. అంటే రెండో అర్థం నిజమైన ప్రతిసారీ మొదటిది కూడా నిజమే. అలాంటప్పుడు వాక్యానికి నిజంగా రెండు అర్థాలున్నాయా, లేక ఉన్నది ఒకటే వదులైన అర్థమై, 'ఒకే బావి' అన్నది దానిలో ఇమిడే ఒక సందర్భం మాత్రమేనా? దీన్ని తేల్చాలంటే రెండు అర్థాలూ విడిపోయి, ఒకటి నిజమై మరొకటి అబద్ధమయ్యే వాక్యాలు వెతకాలి. వ్యతిరేకార్థక క్రియలున్న వాక్యాలు అందుకు బాగా పనికొస్తాయి.

ఈ మూడు వాక్యాలను బయటికి చదువుకుని చూడండి. "నేను ఈ సెలవుల్లో పుస్తకం చదవలేదు." "నేను ఈ సెలవుల్లో ఒక పుస్తకం చదవలేదు." "నేను ఈ సెలవుల్లో ఒక్క పుస్తకమూ చదవలేదు." మొదటిది వింటే పుస్తకాల జోలికే పోలేదని (లేదా ముందే అనుకున్న ఆ పుస్తకాన్ని చదవలేదని) తెలుస్తుంది. మూడోది వింటే లెక్క సున్నా అని ఒత్తి చెప్పినట్టు. రెండోది వింటే, "ఏ పుస్తకం?" అని అడుగుతాం. చదవాల్సినవాటిలో ఒకటి మిగిలిపోయిందని దాని అర్థం. ఇంగ్లీషులో ఆర్టికల్ పెట్టి ఇదే వాక్యం అంటే ముందుగా తట్టేది సున్నా అన్న అర్థం. తెలుగులో 'ఒక' పెట్టగానే ఆ అర్థం జారిపోయి, లేదనే మాట పరిధి నుంచి పుస్తకం బయటికి వచ్చేస్తుంది. 'ఒక'ను ఆర్టికల్ అనుకోవద్దనడానికి ఈ ఒక్క ఆధారం చాలని నా ఉద్దేశం. సున్నా చెప్పాలంటే తెలుగు 'ఒక'ను తీసేస్తుంది, లేదా క-కు ద్విత్వం పెట్టి, నామం చివర 'ఊ' చేరుస్తుంది. విశేషణం లేని వట్టి నామం ఇలా ఎప్పుడూ లోపలే ఒదిగి ఉండటం తెలుగు ప్రత్యేకత కాదు. ఇంగ్లీషు వట్టి బహువచనాలకు ఈ గుణం ఉందని భాషావేత్త గ్రెగ్ కార్ల్‌సన్ 1977లోనే చూపించాడు, హిందీ వట్టి నామాల మీద వెనీత దయాళ్ ఎంతో పని చేశారు.

రెండో ఆధారం ఇంకా బలమైనది. "ఒక పెద్దమనిషి ఒప్పుకుంటే చెరువు పూడిక పని మొదలవుతుంది" అని ఎవరైనా అంటే, ఊరి పెద్దల్లో ఎవరు ఒప్పుకున్నా సరే పని మొదలవుతుందని తీసుకోవచ్చు. ఫలానా ఆయన ఉన్నాడు, ఆయన ఒప్పుకోవాలి, పేరు చెప్పడం లేదంతే అని కూడా తీసుకోవచ్చు. రెండో అర్థంలో 'ఒక పెద్దమనిషి' అన్నది 'ఒప్పుకుంటే' అనే షరతు గోడ దూకి బయటికి వచ్చింది. ఇప్పుడు 'ఒక' తీసి 'ప్రతి' పెట్టండి: "ప్రతి పెద్దమనిషీ ఒప్పుకుంటే పని మొదలవుతుంది." పెద్దలంతా ఒప్పుకుంటేనే అన్న అర్థం తప్ప, ఒక్కొక్క పెద్దమనిషిని విడిగా తీసుకుని 'ఈయన ఒప్పుకున్నా చాలు, ఆయన ఒప్పుకున్నా చాలు' అనే అర్థం రానే రాదు. 'ప్రతి' గోడ దూకలేదు. ఇలాంటి గోడలున్న ఉపవాక్యాలను భాషాశాస్త్రంలో ద్వీపాలు అంటారు. అందరికీ ఒకే చట్టం అనుకుంటే, 'ఒక'కు మాత్రం ఈ మినహాయింపు ఎందుకు?

ఇరవయ్యో శతాబ్దపు వాదమంతా దాదాపు ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది. 'ఒక మనిషి' లాంటి నామబంధం ఏ మనిషినీ నేరుగా సూచించదని, అది ఉనికిని చెప్పే క్వాంటిఫయర్ మాత్రమేనని 1905లో బెర్ట్రాండ్ రసెల్ వాదించాడు. అమెరికన్ తర్కవేత్త రిచర్డ్ మాంటెగ్యూ, 1971లో ఆయన హత్యకు గురైన తర్వాత 1973లో అచ్చయిన వ్యాసంలో, 'ఒక మనిషి', 'ప్రతి మనిషీ' రెండూ ఒకే జాతి అని లెక్క కట్టి చూపించాడు. 1982లో భాషావేత్తలు జానెట్ ఫోడర్, ఐవాన్ సాగ్ ఈ గోడ దూకడాన్ని చూపించి, 'ఒక' రకం నామబంధాలకు రెండు జన్మలున్నాయన్నారు: ఒకటి క్వాంటిఫయర్‌గా లోపలే ఉండిపోవడం, రెండు 'ఈయన' అని వేలు పెట్టి చూపినట్టు నేరుగా మనిషిని సూచించడం. వాళ్ల లెక్క ప్రకారం నామబంధం అయితే పూర్తిగా లోపల ఉండాలి, లేదంటే అన్నిటికంటే బయట ఉండాలి, మధ్యలో ఆగడం కుదరదు. కానీ కుదురుతుంది. "ప్రతి హెడ్మాస్టరూ, తన బడిలోని ఒక పిల్లవాడు ఫస్టు వస్తే, ఊరందరికీ మిఠాయి పంచుతానని మొక్కుకున్నాడు" అన్న వాక్యంలో ఒక్కో హెడ్మాస్టరు మనసులో ఒక్కో పిల్లవాడు ఉన్నాడు. ఆ పిల్లవాడు షరతు గోడ దాటాడు గానీ 'ప్రతి హెడ్మాస్టరూ' అన్నదాన్ని దాటలేదు. నడిమధ్య ఆగాడు. 'తన' అన్న మాట ఆ ఆగడానికి సాయం చేస్తోంది.

దీనికి తాన్యా రైన్‌హార్ట్ 1997లో చెప్పిన పరిష్కారం గణితం చదివినవాళ్లకు వెంటనే నచ్చుతుంది. 'ఒక పిల్లవాడు' అంటే ఉనికి చెప్పడం కాదు, పిల్లల సమితిని ఇస్తే అందులోంచి ఒకరిని తీసి చేతిలో పెట్టే ఎంపిక ప్రమేయం. నామబంధం ఎక్కడికీ దూకదు, ఉన్నచోటే ఉంటుంది. ఎంపిక ఎవరు చేశారన్నదే అర్థాన్ని మారుస్తుంది. 1998లో ఆంగెలికా క్రాట్జర్ ఆ ప్రమేయానికి ఇంకో చలరాశి కూడా ఉండవచ్చని అన్నారు. హెడ్మాస్టరు మారితే ఎంపిక మారవచ్చు. నార్వే తర్కవేత్త తొరాల్ఫ్ స్కోలెం పేరు మీద గణితంలో ముందునుంచీ ఉన్న ప్రమేయాలు ఇవే: ఇన్‌పుట్ ఒకటి, దాన్ని బట్టి మారే అవుట్‌పుట్ ఒకటి.

అటెండర్ మాట నాకు సరిగ్గా ఇక్కడే అర్థమైంది. 'బడికొకరు' అన్నది స్కోలెం ప్రమేయం. 'కు' విభక్తి ఇన్‌పుట్ ఏదో చూపిస్తుంది, 'ఒకరు' అవుట్‌పుట్. బడి చెప్తే పిల్లవాడు తేలతాడు. సర్క్యులర్‌లో ఇన్‌పుట్ చెప్పలేదు, అందుకే ఎవరికి తోచిన ఇన్‌పుట్ వాళ్లు పెట్టుకున్నారు. మా నలుగురం అసలు ఇన్‌పుటే లేదనుకున్నాం. పరిధి గురించి ఇంగ్లీషులో వాక్యం మొత్తాన్ని గుర్తుల్లోకి మార్చి, వాక్యనిర్మాణం చూపే చెట్టు బొమ్మలు రెండు గీసి వివరించాల్సిన సంగతిని తెలుగు ఒక విభక్తి ప్రత్యయంతో పైకే చెప్పేస్తుంది. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నప్పుడు లోకంలో అందరి బుద్ధీ ఒకటేనని పొరబడేవాడు పుట్టలేదు. రోజుకో మాట, పూటకో వేషం, ఇంటికో నల్లా, ఎకరాకు రెండు బస్తాలు, మనిషికో చేట అన్నీ ఇదే అచ్చు. ఆఫీసు భాషలో దీనికే 'చొప్పున' తోడవుతుంది. ఇంత సులువైన సాధనం చేతిలో ఉండగా 'ప్రతి ఫలానా ఒక ఫలానా' అనే ఎరువు తెచ్చుకున్న వాక్యం రాయడం ఎందుకన్నదే నా ఫిర్యాదు.

అయితే నా వాదానికి ఒక సామెతే అడ్డు నిలిచింది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఇంటికో పువ్వు, ఈశ్వరుడికో మాల. మొదటి సగంలో ఇల్లు మారితే పువ్వు మారుతుంది, నా లెక్క సరిపోయింది. రెండో సగంలోనూ అదే 'కో' ఉంది, కానీ ఈశ్వరుడు ఒక్కడే, మాలా ఒక్కటే. అందరికీ పంచినట్టు వినిపించే రూపం ఇక్కడ ఏమీ పంచడం లేదు. అలాంటప్పుడు 'కొక' అంటే పంపకం అని ఎలా అంటాను? కొన్నాళ్లు ఆలోచించి నేను సమాధానపడింది ఇలా: 'కు' ఇన్‌పుట్‌ను చూపిస్తుంది తప్ప ఇన్‌పుట్లు చాలా ఉన్నాయని చెప్పదు. 'ఇల్లు' వట్టి నామం కాబట్టి ఊరిలోని ఇళ్లన్నీ వరుసగా ఇన్‌పుట్లవుతాయి. 'ఈశ్వరుడు' పేరు కాబట్టి ఉన్న ఇన్‌పుట్ ఒక్కటే, అవుట్‌పుట్ ఒక్కటే. రెండు చోట్లా వ్యాకరణం చేసిన పని ఒకటే. సంఖ్య మార్చింది నామం. సామెతలోని అందమంతా ఆ ఒకే అచ్చులో రెండు లెక్కలు ఇమడటంలోనే ఉంది: ఊళ్లో ఎన్ని ఇళ్లుంటే మాలలో అన్ని పువ్వులు. (ఈ 'కో' చివరి 'ఓ', 'ఇంటికి ఒక' అన్నది 'ఇంటికొక' అయి అరిగిపోగా మిగిలింది. కింద చెప్పబోయే 'ఎవరో'లోని 'ఓ' వేరు. రెండిటినీ కలిపేసి నేను ఒక నోటుబుక్కు మొత్తం పాడుచేసుకున్నాను.)

పంపకాన్ని చెప్పే మరో రూపం సంఖ్యను రెండుసార్లు అనడం. పిల్లలు రెండు బత్తాయిలు తిన్నారంటే మొత్తం రెండే అయి ఉండవచ్చు. రెండ్రెండు బత్తాయిలు తిన్నారంటే తలకు రెండు. దీని మీద రాహుల్ బాలుసు 2006లో రాసిన వ్యాసం, తెలుగు గురించి ఫార్మల్ సెమాంటిక్స్‌లో వచ్చిన మంచి పనుల్లో ఒకటి. ఇలా రెట్టించిన సంఖ్య మనుషులను బట్టే కాక, వేళలను బట్టి, చోట్లను బట్టి కూడా పంచగలదని ఆయన చూపించారు. దానికి రుజువు మందుల షాపులో దొరుకుతుంది. మా అమ్మకు జ్వరం వచ్చినప్పుడు షాపు అబ్బాయి, "పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రెండ్రెండు గోళీలు, ఐదొద్దులు" అన్నాడు. వేసుకునేది ఒక్క మనిషి. మనుషుల మీద పంచడానికి అక్కడ ఎవరూ లేరు. పంపకం పూటల మీదికి పోయింది, లెక్క ముప్పై గోళీలకు తేలింది. అదే అబ్బాయి "రెండు గోళీలు" అని ఊరుకుని ఉంటే మా అమ్మ తప్పకుండా పూటకు రెండా, రోజుకు రెండా అని తిరిగి అడిగేది. ఇలా తోడు లేనిదే నిలవని సంఖ్యలు హంగేరియన్‌లోనూ ఉన్నాయని డొంక ఫర్కాష్ 1997లో రాశారు. గోదావరి దగ్గరా డాన్యూబు దగ్గరా ఒకే ఉపాయం తట్టడం నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

వేళల మీద పంపకం అనగానే పానగల్లు గుర్తొస్తుంది. నల్లగొండను ఆనుకుని ఉన్న ఛాయా సోమేశ్వరాలయానికి తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకుపోయాను. గర్భగుడిలో లింగం వెనక ఒక నిలువు నీడ పగలంతా కదలకుండా కనిపిస్తుంది. "పగలంతా ఒక స్తంభం నీడ స్వామి మీద పడుతది" అని అక్కడ ఉన్న పెద్దాయన చెప్పాడు. ఒక పిల్ల వెంటనే, "ఏ స్తంభం సార్?" అని అడిగింది. సరైన ప్రశ్న. అన్ని వేళలా ఒకే స్తంభమంటే, సూర్యుడు జరిగితే నీడా జరగాలి. వేళకొక స్తంభమంటే, ఒకదాని నీడ తప్పుకునే వేళకు మరొకటి సరిగ్గా అక్కడే అందుకోవాలి. పిల్లలు ఒక్కొక్క స్తంభం దగ్గరా నిలబడి చేతులు ఊపి చూశారు, లోపలి నీడలో ఏ మార్పూ లేదు. భౌతికశాస్త్రం తెలిసినవాళ్లు చెప్పే వివరణ ప్రకారం ఆ నీడ ఏ ఒక్క స్తంభానిదీ కాదు. స్తంభాల మధ్య నుంచి చెదిరి లోపలికి వచ్చే వెలుగు, అందని చోట మిగిల్చిన చీకటి అది. అంటే ఆ పెద్దాయన వాక్యానికి పరిధిని ఎలా మార్చి చూసినా నిజం రాదు. 'ఒక' పోయి 'స్తంభాల నీడ' అని బహువచనం వస్తేనే నిజమవుతుంది. వాక్యానికి రెండే అర్థాలుంటాయని, వాటిలో ఒకటి సరైనదై తీరాలని అనుకోవడం తర్కం పుస్తకాల అభ్యాసాల్లో మాత్రమే చెల్లుతుంది.

'ఒక' లేకుండానే అనిశ్చితత్వం చెప్పడం గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. 1962లో పీటర్ గీచ్ మధ్యయుగాల తర్కం నుంచి మళ్లీ వెలికి తీసిన గాడిద వాక్యాలు ("గాడిద ఉన్న ప్రతి రైతూ దాన్ని కొడతాడు" లాంటివి) ఈ శాస్త్రంలో ప్రసిద్ధం. మన జిల్లాకు బర్రె సరిపోతుంది. "బర్రె ఉన్న ప్రతి రైతూ దాని పాలు కేంద్రంలో పోస్తాడు." ఈ 'దాని' ఏ బర్రెను సూచిస్తుంది? ఫలానా బర్రె అంటూ ఏదీ లేదు. ఎవరి బర్రె వారిది, ఇద్దరు రైతులు రెండేసి బర్రెలు మేపుతుంటే ఆ నాలుగూ లెక్కలోకి వస్తాయి. ఉనికి మాత్రమే చెప్పాల్సిన నామం 'అన్నీ' అన్న అర్థం ఇస్తోంది. 1981లో హాన్స్ కాంప్, 1982లో ఐరీన్ హైమ్ ఎవరికి వారే ఒకే చోటికి చేరారు: అనిశ్చిత నామానికి సొంతంగా క్వాంటిఫయర్ బలమే లేదు, అది ఒక చలరాశి మాత్రమే, 'ప్రతి' గానీ 'అయితే' గానీ దాన్ని తన అధీనంలోకి తీసుకుంటుంది. అంతకుముందే, 1975లో, డేవిడ్ లూయిస్ 'తరచుగా', 'ఎప్పుడూ' లాంటి మాటలకు ఈ శక్తి ఉందని చెప్పి దారి వేశాడు. తెలుగు వాక్యాన్ని చూస్తే ఆ సిద్ధాంతం కనిపెట్టినట్టు కాక, చూసి రాసినట్టు ఉంటుంది. ఎందుకంటే మన వాక్యంలో 'బర్రె' ముందు ఏమీ లేదు, తీసేయడానికి ఆర్టికలే లేదు. 'అన్నీ' అన్న అర్థం కూడా ఎప్పుడూ రాదు. గొడుగు ఉన్నవాడల్లా దాన్ని పట్టుకొచ్చాడంటే, ఇంట్లో మూడు గొడుగులున్నవాడు మూడూ మోసుకొచ్చాడని ఎవరూ అనుకోరు.

ఇక 'ఎవరో', 'ఎవరైనా'. "ఒకాయన వచ్చిండు" అంటే వచ్చింది ఎవరో చెప్పేవాడికి తెలిసి ఉండవచ్చు. "ఎవరో వచ్చిన్రు" అంటే తెలియదు. 'ఎవరైనా' అంటే ఎవరన్నది పట్టింపు లేదు. చెరువు వాక్యంలో 'ఒక' బదులు 'ఎవరైనా' పెడితే ఆ ఫలానా పెద్దమనిషి మాయమై అర్థం ఒక్కటే మిగులుతుంది. ఈ 'ఓ', 'ఊ'లు ఎక్కడివో చూడండి. "రాములో సోములో వచ్చాడు", "రాములూ సోములూ వచ్చారు". మొదటిది 'లేదా', రెండోది 'మరియు'. ఇదే 'ఓ' ప్రశ్నపదానికి చేరితే 'ఎవరో', అంటే ఉనికి; ఇదే 'ఊ' కనిపించేది 'అందరూ', 'ప్రతివాడూ' లాంటి మాటల చివర, అంటే సర్వత్వం. ఉనికి అంటే 'ఇతడో, అతడో, ఇంకొకడో' అని సాగే పెద్ద 'లేదా' అని, సర్వత్వం అంటే 'ఇతడూ, అతడూ, ఇంకొకడూ' అని సాగే పెద్ద 'మరియు' అని తర్కం మొదటి పాఠంలోనే చెబుతారు. ఆ పాఠం మన అచ్చుల్లోనే రాసి ఉంది. మలయాళంలో ఇదే జంట మీద కె.ఎ. జయశీలన్ 2001లో రాశారు. ఇన్నేళ్లు బోర్డు మీద సర్వత్వానికి తలకిందుల ఇంగ్లీషు 'ఏ', ఉనికికి వెనక్కి తిరిగిన ఇంగ్లీషు 'ఈ' గీసిన నేను, పిల్లలకు 'ఊ', 'ఓ' చూపించి మొదలుపెట్టి ఉంటే ఎంత సులువయ్యేదోనని ఇప్పుడు అనుకుంటాను.

దీనికి ఎదురుమాట ఒకటి ఉంది. "ప్రతి పిల్లవాడూ ఒక లడ్డు తిన్నాడు" అంటే అందరూ కలిసి ఒకే లడ్డు తిన్నారని ఎవరూ అనుకోరు కదా, 'కు' లేకపోయినా అర్థమైంది కదా, మరి ఈ రాద్ధాంతం ఎందుకని మా బడిలో తెలుగు చెప్పిన మిత్రుడు అడిగాడు. నిజమే. ఒకరు తిన్న లడ్డు మరొకరు తినలేరు కాబట్టి అక్కడ లోకజ్ఞానం వ్యాకరణం పని చేసిపెట్టింది. 'ఒక' ఎప్పుడూ బయటికే దూకుతుందని నేను అనను. 'లేదు' ముందర దూకుతుంది, 'అయితే' ముందర దూకగలదు, 'ప్రతి' ముందర ఎటైనా పోతుంది. కానీ ఉత్తర్వులూ నిబంధనలూ లడ్డుల గురించి ఉండవు. ఒక విద్యార్థిని ఏడుగురు హెడ్మాస్టర్లు కలిసి ఎన్నుకోవడంలో లోకవిరుద్ధం ఏమీ లేదు, అందుకే మేం పొరబడ్డాం. లోకజ్ఞానం సాయానికి రాని చోటే రాసేవాడు 'కు'ను వాడాలి.

మరుసటి ఏడు అదే పరీక్షకు సర్క్యులర్ వచ్చింది. ఎవరో ఫిర్యాదు చేసి ఉంటారు, ఈసారి "పాఠశాలకు ఒకరు చొప్పున విద్యార్థులను ఎంపిక చేసి పంపవలెను" అని ఉంది. విద్యార్థులు అన్నారు కాబట్టి ఆడపిల్లల గొడవ కూడా తీరింది. సంతోషించి కాగితం తిప్పాను. వెనకవైపు, "విద్యార్థుల వెంట ఇద్దరు ఉపాధ్యాయులు తప్పనిసరిగా రావలెను" అని ఉంది. ఏడుగురం మళ్లీ కూర్చున్నాం. ఈసారి నేనే లేచి అటెండర్‌ను పిలిచాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, "దీంట్ల ఏం రాయలే గద సార్" అన్నాడు.